తీగలమ్మ గదిలో పెద్ద డిస్కు

నెల మొదట్లో వచ్చే చెరిపే పనంటే తీగలమ్మకి ఒళ్లుమంట. తలలు కొలవడం, చర్మం రుద్ది జిగురు పూసి తీగలు అంటించడం, కదలకుండా పడుకోమని పిల్లల్ని బుజ్జగించడం, ఏడ్చేవాళ్ల ముక్కులు తుడవడం, ఇవన్నీ చేసి చేసి నడుం పట్టేసినా ఆమె ఎవరి దగ్గరా గొణగలేదు. చెరిపే రోజు మాత్రం పొద్దున్నే మొహం మాడ్చుకుని వచ్చేది. ఆ రోజు ఆమెతో పని పడ్డవాళ్లు, పని వాయిదా వేసుకుని మర్నాడు వచ్చేవాళ్లు.

తీగలమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఇప్పుడు పెద్ద డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తోంది. ఆసుపత్రి రెండో అంతస్తు చివర ఆమె గది. మూర్ఛ వచ్చేవాళ్ల తలకి తీగలు అంటించి, మెదడులో పుట్టే అలల్ని అక్కడ గీతలుగా పడతారు. గీతలతో పాటు, మంచం మీది మనిషిని గోడమీది కెమెరా వీడియో తీస్తుంటుంది. మూర్ఛ ఎక్కడ పుట్టిందో గీతలు చెప్తాయి, ఒంట్లో ఎక్కణ్నుంచి మొదలైందో వీడియో చెప్తుంది. రెండూ కలిసి పక్క గదిలో ఉన్న కంప్యూటర్లోకి వెళ్తాయి. ఆ కంప్యూటరు ముసలిది. తీగల పెట్టెని కలిపే కార్డు అందులో తప్ప ఇంకెందులోనూ పట్టదు కాబట్టి దాన్ని పారేయడానికి లేదు. దాని డిస్కేమో బొత్తిగా చిన్నది. అది నిండినప్పుడల్లా ఎవర్నో ఒకర్ని చెరిపితేగాని కొత్తవాళ్లకి చోటు రాదు.

ఎవర్ని చెరపాలో ఆఫీసాయన ఏనాడో తేల్చేశాడు. విడి గదుల్లో ఉన్నవాళ్లవి ఉంచాలి. జనరల్ వార్డు వాళ్లవి, రిపోర్టు ఇచ్చేశాక తీసేయాలి.

"వాళ్లేమన్నా మళ్లీ వచ్చి అడుగుతారా ఏంటమ్మా?" అన్నాడు.

అడగరు, నిజమే. అలాంటిది ఒకటి ఉందని, అడిగితే చూపిస్తారని వాళ్లకి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. తీగలమ్మ కూడా చెప్పలేదు.

ఆ సోమవారం ఆమె మౌసు పట్టుకుని వరసలో ఒక్కొక్కరినే చూస్తోంది. ఆమెకి పేర్లు గుర్తుండవు, తలలు గుర్తుంటాయి. ఈయన నడినెత్తిన రెండు సుడులున్న లారీ డ్రైవరు. ఈమె జుట్టంతా రాలిపోయిన ముసలావిడ, తీగలు పెడుతుంటే హాయిగా ఉందని నిద్రపోయింది. ఈ కుర్రాడి చెవి వెనక పాత కుట్లు. ఒక్కొక్కరిమీదా నొక్కి, నిజంగా చెరపమంటావా అని కంప్యూటరు అడిగితే అవునని నొక్కి, పచ్చ గీత మెల్లగా నిండేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది. ఒక్క రికార్డింగు జోలికి మాత్రం పోలేదు. అది జనరల్ వార్డు పిల్లది. నిరుడు ఎవరూ చూడకుండా దాన్ని విడి గదుల వాళ్ల మధ్యకి చేర్చింది. ఉద్యోగంలో చేరాక ఆమె చేసిన ఎదురు తిరుగుడంతా కలిపితే అదొక్కటే.

అప్పుడే ఆఫీసాయన ఓ పొట్లం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇదిగో, నీ పోరు పడలేక తెప్పించాను. పెద్ద డిస్కు. ఇహ చోటు లేదు చోటు లేదు అని నా ప్రాణం తియ్యకు."

తీగలమ్మ పొట్లం విప్పి చూసింది. ఇటుక ముక్కలా బరువుగా ఉంది. "టీ తాగుతారా సార్?" అంది. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆ పిల్లా, పిల్ల తల్లీ అక్కడే ఉన్నారు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, జాకెట్టు భుజానికి దారం పోగులు అంటుకుని ఉన్నాయి. పిల్లకి పదేళ్లుంటాయేమో, కూర్చున్నచోట కాళ్లు ఊపుతోంది.

"ఆపరేషన్ చేస్తే తగ్గొచ్చని నేననుకుంటున్నాను," అంది డాక్టరమ్మ. "కానీ కోసేది నేను కాదుగా. వచ్చేవారం మీటింగులో సర్జన్ గారు నిరుడు తీసిన వీడియో చూడాలంటున్నారు. రిపోర్టు చాలదట, కళ్లతో చూడాలట. జనరల్ వార్డు కదా, ఉండదేమో అన్నాను. ఉందా?"

"ఉంది మేడమ్."

డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి ఆమెని ఒక్క క్షణం చూసింది. ఎలా ఉందని మాత్రం అడగలేదు.

"అయితే మళ్లీ మందులు ఆపక్కర్లేదు కదండీ?" అంది తల్లి, కుర్చీలోంచి సగం లేచి. నిరుడు ఆ వీడియో కోసం పిల్లకి మందులు ఆపేసి, మూర్ఛ వచ్చేదాకా మంచం మీద ఉంచారు. వచ్చింది. నాలుక తెగి దిండంతా నెత్తురైంది. ఇంకోసారి నా బిడ్డకి ఇలా చేయించకండమ్మా అని ఆ తల్లి తీగలమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"రికార్డింగ్ ఉంటే అక్కర్లేదు. లేకపోతే మటుకు తప్పదు," అంది డాక్టరమ్మ.

తల్లి తీగలమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. తీగలమ్మకి సిగ్గేసి, పిల్ల జడలో ఊడిన రబ్బరు బ్యాండు సర్దుతూ నిలబడింది.

డిస్కు బిగించడానికి తమ్ముణ్ణి పిలిచింది. ఆమె ఉండే ఇంటి కింద వాటాలోనే వాడి కంప్యూటరు రిపేరు కొట్టు. తిండి అక్క దగ్గర, నిద్ర కొట్లో. పెళ్లి మాటెత్తితే, ముందు మీ ఆయన్ని అడుగు వద్దంటాడు అని బావని ఇరికిస్తాడు. మంగళవారం పొద్దున వచ్చి, ముసలి కంప్యూటరు పక్క రేకు ఊడదీసి దుమ్ము ఊదాడు.

"జాగ్రత్తరా, ఆ కార్డు తగలనీకు. అది కదిలిందా, ఇంతే సంగతులు."

"ఇది కంప్యూటరా, మీ అత్తగారా అక్కా? ఇంత భయపడుతున్నావు," అన్నాడు వాడు. వెడల్పాటి రిబ్బన్ తీగ కొత్త డిస్కుకి గుచ్చుతూ, "ఇలాంటి మూతి ఉన్న డిస్కులు ఇప్పుడెక్కడా రావు. ఏ పాతసామాన్ల వాడి దగ్గరో పట్టినట్టున్నారు" అన్నాడు.

కంప్యూటరు మూలిగి, దగ్గి, లేచింది. వాడు తెరమీద ఏవేవో తెరిచి చూసి, గడ్డం గోక్కున్నాడు. పెద్ద డిస్కు కనపడుతోంది కానీ పావు వంతే కనపడుతోంది. సంగతి చూద్దామని వచ్చిన ఆఫీసాయన నుదురు చిట్లించాడు.

"ఏంటయ్యా, కొట్టువాడు మోసం చేశాడా?"

"మోసం లేదు సార్. డిస్కు నిక్షేపంగా ఉంది. ఈ ముసలిదానికి అంతవరకే లెక్కపెట్టడం వచ్చు. ఆ పైన ఎంతున్నా దానికి లేనట్టే."

"పావు వంతయితే మాత్రమేం, ఇప్పుడున్నదానికంటే నయమేగా. వాడుకోండి."

"ఇంకో దారి ఉంది సార్. ఈ డిస్కుని కొత్త కంప్యూటర్లో పెట్టి, దానికీ దీనికీ మధ్య ఒక తీగ లాగితే సరి. ఇది రికార్డు చేస్తుంది, అది దాచుకుంటుంది. మొత్తం డిస్కు వాడుకోవచ్చు."

"కొత్త కంప్యూటరు ఎక్కణ్నుంచి తేవాలి? నా నెత్తిమీంచా?"

"డాక్టరమ్మ గారి గదిలో ఒకటి ఊరికే ఉంది కదా సార్," అంది తీగలమ్మ మెల్లగా.

ఆఫీసాయన నవ్వాడు. కోపంగా కూడా కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు. "డాక్టరమ్మ గారి కంప్యూటరు నువ్వడుగుతావా? నువ్వా? అడుగు, నేనూ పక్కన నిలబడి చూస్తాను."

ఆయన వెళ్లాక తమ్ముడు స్క్రూలు ఏరుకుంటుంటే తీగలమ్మ అడిగింది.

"దీంట్లోనే మొత్తం కనపడేలా చెయ్యడానికి ఏ ఉపాయమూ లేదా?"

"ఉందనుకో. సిస్టంలో ఒక చిన్న మార్పు చేస్తే కనపడుతుంది. ఒక ఫొటో స్టూడియోవాడికి చేశాను."

"బాగానే పనిచేస్తోందా?"

"వాడు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. బాగా లేకపోతే చేసేవాడేగా."

"అయితే చెయ్యి."

"అక్కా, పావు వంతు చాలదా నీకు? అదేం తక్కువ చోటు కాదు."

"చాలదు. బీరువాలో పాత రికార్డింగుల సీడీలు చూశావుగా, ఎన్ని బూజు పట్టిపోతున్నాయో. ఈ పావు కూడా నాలుగు నెలల్లో నిండిపోతుంది. మళ్లీ నన్ను కూర్చుని చెరపమంటారు. నావల్ల కాదురా. మొత్తం కావాలి నాకు."

అక్క గొంతు అలా పలకడం వాడెప్పుడూ వినలేదు. మళ్లీ కూర్చుని పని మొదలుపెట్టాడు. కంప్యూటరు ఆపి, లేపి, మళ్లీ ఆపి లేపాక, పెద్ద డిస్కు మొత్తం తెరమీద కనపడింది. నీలం రంగు గుండ్రంలో ఖాళీయే ఖాళీ. తీగలమ్మ దాన్ని కాసేపు అలా చూస్తూ కూర్చుంది. అంత ఖాళీ చోటు ఆమె ఇంట్లో ఏ అరలోనూ లేదు.

ముందు దేన్ని పెట్టాలో ఆలోచించాల్సిన పనే లేదు. పిల్ల రికార్డింగునే పెట్టింది. అది ఎక్కాక, సరిగ్గా వచ్చిందో లేదోనని తెరిచి చూసింది. మంచం మీద పిల్ల కూర్చుని బొమ్మకి రంగులు వేస్తోంది. ఎడమచేతి బొటనవేలు ఒకసారి గెంతింది. పిల్ల రంగు పెన్సిలు ఆపి, ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. తర్వాత చూపుడువేలు, తర్వాత మణికట్టు, ఆ తర్వాత పెదవి ఎడమ పక్కకి లాక్కుపోయింది. అమ్మా అని సగం పిలిచింది. తల్లి కేకతో పాటు మిగతాదంతా చివరిదాకా చూసి, "బాగా వచ్చింది" అని పైకే అనుకుంది తీగలమ్మ. అని, ఏంటీ మాట అని తన మీద తనకే అసహ్యం వేసింది.

తర్వాత విడి గదుల వాళ్లవీ, ఈ నెల చెరపాల్సి ఉండి ఇంకా చెరపనివీ అన్నీ ఎక్కించింది. ఎక్కినవాటిని ఒక్కొక్కటే తెరిచి చూసుకుని, చిన్న డిస్కులోంచి తీసేసింది. లేకపోతే రికార్డింగుకి ముసలిది ఊపిరి తీసుకోలేకపోతోంది. బుధవారం బీరువా తెరిచింది. కంప్యూటరు సీడీలు రాయడం ఎప్పుడో మానేసింది కానీ చదవడం మాత్రం చదువుతుంది. ఒక్కో సీడీనీ చీర కొంగుతో తుడిచి లోపలికి తోసి, అది నెమ్మదిగా ఎక్కుతుంటే పక్క గదిలోకి వెళ్లి తీగలు అంటించి వచ్చేది. ఆ రోజు వచ్చిన రైల్వే కూలీ జనరల్ వార్డు మనిషే. అతని నెత్తి బరువులు మోసి మోసి కాయకాచి, తీగ అంటుకోక చాలా ఇబ్బంది పెట్టింది. నిన్ను చెరపక్కర్లేదులే అన్నయ్యా అని మనసులోనే చెప్పింది. సాయంత్రం ఇంటికెళ్లి కూరలు తరుగుతూ కూనిరాగం తీస్తుంటే, ఏంటీ విశేషం అని మొగుడు రెండుసార్లు అడిగాడు. "డిస్కు" అంది. అతను అర్థమైనట్టు తలూపాడు.

గురువారం మధ్యాహ్నం ఒక సీడీ సగం ఎక్కి ఆగిపోయింది. తీగలమ్మ అన్నం డబ్బా మూత పెట్టి, చేయి కడుక్కుని వచ్చి చూసింది. కంప్యూటరు ఆపి మళ్లీ లేపింది. పెద్ద డిస్కు గుర్తు ఉంది. దానిమీద నొక్కితే, ఈ డిస్కులో ఏమీ లేదు, కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడిగింది. అవును, కాదు అని రెండు గళ్లు. ఆమె కాదు అన్నది నొక్కి, మళ్లీ తెరిచింది. మళ్లీ అదే అడిగింది. స్టూలు మీద కూలబడింది. తీగలు అంటించుకుని మంచం మీద ఉన్న మనిషి, "అమ్మా, లేవమంటారా?" అని అప్పటికి మూడోసారో నాలుగోసారో అడుగుతున్నాడు.

తమ్ముడు వచ్చి డిస్కు ఊడదీసి కొట్టుకి పట్టుకుపోయాడు. కొత్త కంప్యూటరుకి తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రాం ఏదో పెట్టాడు. శుక్రవారం ఆసుపత్రి నుంచి తిన్నగా కొట్టుకే వెళ్లింది తీగలమ్మ, చెప్పులు కూడా విప్పకుండా. తెరమీద ఒక్కొక్క రికార్డింగే పైకి తేలుతోంది. రెండు సుడుల డ్రైవర్ని సోమవారమే చెరిపేసింది కాబట్టి అతను లేడు. సీడీల వాళ్లందరూ ఉన్నారు. విడి గదుల వాళ్లలో చాలామంది ఉన్నారు. కూలీ ఉన్నాడు.

"పిల్లది?"

వాడు తలెత్తలేదు.

"పిల్లది ఏదిరా?"

"లేదక్కా. అదీ, దాని తర్వాత ఎక్కించినవి రెండూ లేవు. మిగతావన్నీ వచ్చాయి."

"అన్నీ వచ్చి అదెందుకు రాదు?"

వాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. అది లేకపోతే వాడికి చేతులు ఏం చేసుకోవాలో తెలియదు, ఒళ్లో పెట్టుకున్నాడు. "పాత స్కూటర్లకి కిలోమీటర్ల మీటరు ఉంటుంది చూడు. అన్ని తొమ్మిదులూ అయిపోయాక మళ్లీ సున్నాకి వస్తుంది. నేను చేసిన మార్పుతో నీ కంప్యూటరు డిస్కు మొత్తం చూపించింది కానీ, దానికి నిజంగా లెక్క రాలేదు. వచ్చినంతవరకూ రాసింది. అక్కడితో లెక్క అయిపోయి, మళ్లీ సున్నా దగ్గరికొచ్చి, మొదట ఉన్నవాటి మీదే రాయడం మొదలుపెట్టింది. ఆ స్టూడియోవాడు అంతదాకా నింపి ఉండడు, అందుకే నాకు ఫోన్ రాలేదు."

"మొదట ఉన్నవాటి మీద," అంది తీగలమ్మ.

"చివర్లో పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అసలు ఆ పావు వంతుతో సరిపెట్టుకుని ఉన్నా..." వాడు మాట మింగేశాడు. "తప్పు నాదే అక్కా. చిన్న డిస్కులో వెతుకుతాను."

చిన్న డిస్కులో లేదని ఆమెకి తెలుసు. ఖాళీ చేసిన చోట మంగళవారం నుంచి కొత్తవాళ్ల రికార్డింగులు వచ్చి పడుతూనే ఉన్నాయి. అయినా వాడు అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లి వెతికి వచ్చాడు, దొరకలేదు. అన్నిటికన్నా విలువైనదని ముందుగా పెట్టింది. ఆ ముందు పెట్టడమే దాని కొంప ముంచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని అలసట ఒకటి ఆమె ఒంట్లోకి దిగింది. కొట్లోనే స్టూలు మీద గోడకి ఆనుకుని, పైన ఇంటికి మెట్లెక్కడానికి కూడా లేవలేక చాలాసేపు కూర్చుండిపోయింది.

శనివారం డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిల్ల రికార్డింగు దాచడం, పెద్ద డిస్కు, తమ్ముడి ఉపాయం, తను పట్టుబట్టి చేయించడం, అన్నీ. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు నులుముకుంది. ఆవిడ కూడా పొద్దుట్నుంచి బయట బెంచీ నిండా ఉన్నవాళ్లని చూసి చూసి వాడిపోయి ఉంది.

"సరే, పోయింది పోయింది. నిజానికి రూలు ప్రకారం అది నిరుడే పోవాలి. సోమవారం పిల్లని చేర్చుకుందాం, మందులు ఆపుదాం. వాళ్లమ్మకి ఇదంతా చెప్పకు. పాత వీడియో సరిగా రాలేదని నేనే అంటాను."

"మేడమ్, ఇప్పుడు తీసేది ఎక్కడ పెడతాం?"

"ఎప్పుడూ పెట్టేచోటే."

"ఆ చోటు గురించే మేడమ్. పెద్ద డిస్కు మంచిదే. లెక్క వచ్చిన కంప్యూటర్లో పెడితే మొత్తం పనిచేస్తుంది. మీ గదిలో ఉన్నది ఇప్పించండి." ఆగితే ఆ మాట మళ్లీ రాదని గబగబా అనేసింది. "ఇప్పించకపోతే ఆ పిల్లకి నేను తీగలు పెట్టను."

డాక్టరమ్మ కళ్లు తెరిచింది. "నువ్వు పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?"

"ఎవరూ పెట్టలేరు మేడమ్. అందుకే అడుగుతున్నాను."

ఆ మాట అనేశాక ఆమెకి ఇరవై ఏళ్ల ఉద్యోగం కళ్ల ముందు తిరిగింది. డాక్టరమ్మ గది మూలనున్న కంప్యూటరు వైపు చూసింది. దానిమీద ఎవరో ఇచ్చిన పూలకుండీ ఒకటి, చదవని పత్రికలు కొన్ని ఉన్నాయి. ఆవిడ లేచి, పూలకుండీ తీసి కిటికీలో పెట్టింది.

"పత్రికలు నువ్వు తియ్యి," అంది. "ఆఫీసాయన ఏమన్నా అంటే నన్నడగమను."

బయట బెంచీ మీద పిల్ల తల్లి ఉంది. పిల్లని పక్కింట్లో వదిలి ఒక్కతే వచ్చింది. తీగలమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. డాక్టరమ్మ ఇచ్చిన అబద్ధం చేతిలో ఉంది. అది చెప్పేస్తే ఎవరికీ నష్టం లేదు, ఆ తల్లి కూడా నమ్ముతుంది. నమ్మి మళ్లీ చేతులు జోడిస్తుంది. ఆ జోడించిన చేతులు తలుచుకుంటేనే తీగలమ్మ నోరు విప్పింది.

"అమ్మా, మీ పాప వీడియో పోయింది. నా చేతులతోనే పోయింది."

ఎలా పోయిందో స్కూటరు మీటరు పోలికతో సహా చెప్పింది. ఆమె విన్నది. చేతిసంచీ పిడిని వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుతూ విన్నది.

"అయితే మళ్లీ మందులు ఆపుతారు."

"ఆపుతారు."

"మీరు కావాలని చెయ్యలేదులే అని నన్ను అనమంటారా?"

"వద్దు. అనకండి."

"అనను." ఆమె సంచీ పిడి వదిలేసి తీగలమ్మ వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు. "పోయినసారి మీరు ఆ గదిలో టీవీ ముందు కూర్చుని చూశారు. నేను మంచం మీద కూర్చుని పట్టుకున్నాను. ఈసారి మీరు పట్టుకోండి. నావల్ల కాదు. మీ కుర్చీలో నేను కూర్చుంటాను. చూడను కూడా. గోడవైపు తిరిగి కూర్చుంటాను."

"అలాగే," అంది తీగలమ్మ.

సోమవారం పిల్ల తల కొలిచి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తీగలు అంటించింది. డాక్టరమ్మ కంప్యూటరు ముసలిదాని పక్కనే బల్లమీద ఉంది. తమ్ముడు రెంటికీ మధ్య తీగ లాగి, డిస్కు మొత్తం ఉత్తుత్తి ఫైళ్లతో నింపి, మళ్లీ మొదటిది తెరిచి చూసి, మళ్లీ చివరిది తెరిచి చూసి, వాటిని తీసేసి, అప్పుడుగానీ ఇవ్వలేదు. తల్లి తీగలమ్మ కుర్చీలో, తెరకి వీపు పెట్టి కూర్చుంది. పక్క గదితో మాట్లాడే మైకు ఆమె మోచేతి దగ్గరుంది. తీగలమ్మ మంచం అంచున కూర్చుంది. మధ్యలో అద్దం కూడా లేదు, గోడే.

సోమవారం మూర్ఛ రాలేదు. మంగళవారం పొద్దున కూడా రాలేదు. డాక్టరమ్మ వచ్చి, ఇంకా లేదా అని అడిగి వెళ్లింది. నర్సు వచ్చి, ఇంకా లేదా అంది. ఆఫీసాయన గుమ్మంలో నిలబడి, డాక్టరమ్మ కంప్యూటరు వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లాడు. పిల్ల రంగులు వేయడం ఆపి తీగలమ్మ మొహంలోకి చూసింది.

"నాకు మూర్ఛ రాకపోతే మీకు కోపమా?"

"కోపమెందుకు తల్లీ? రాకపోతే మంచిదేగా."

"మరి అందరూ ఎదురుచూస్తున్నారుగా."

తీగలమ్మ కూడా పొద్దుట్నుంచీ అదే పని చేస్తోంది. వస్తే అయిపోతుంది, వస్తే ఈ పిల్లకి మళ్లీ మందులివ్వొచ్చు, త్వరగా రా అని లోలోపల బతిమాలుతోంది. ఒక పిల్లకి మూర్ఛ రావాలని కోరుకునే ఉద్యోగం ఇది అని మొదటిసారి తెలిసినట్టు, సిగ్గుతో తల దించుకుని రంగు పెన్సిళ్లు డబ్బాలో సర్దింది.

మధ్యాహ్నం, పిల్ల ఎడమచెయ్యి తన చేతిలో ఉండగానే, బొటనవేలు గెంతింది. తెరమీద ఎన్ని వందలసార్లు చూసిందో లెక్కలేదు. అరచేతిలో ఇలా, గువ్వపిట్టని పట్టుకున్నట్టు ఉంటుందని ఆమెకి తెలియదు. చూపుడువేలు, మణికట్టు. పిల్ల పెదవి పక్కకి పోయింది. "వచ్చిందమ్మా, ఏం లేదు, నేనున్నాను" అంటూ తీగలమ్మ పిల్లని పక్కకి తిప్పి, మీదికి వంగి, రెండు చేతులతో పొదివి పట్టుకుంది. గంట నొక్కింది. గీతలేమయ్యాయో, కెమెరా ఎటుందో, ఏమీ గుర్తులేదు. నాలుక తెగకూడదు, అదొక్కటే ఆమె మనసులో ఉంది.

గోడమీది స్పీకరు గరగరమంది.

"కొంచెం పక్కకి జరగండి."

తీగలమ్మకి అర్థం కాలేదు.

"మీ భుజం అడ్డొస్తోంది. దాని చెయ్యి కనపడట్లేదు. జరగండమ్మా. చెయ్యి వదిలెయ్యండి, కనపడాలి."

ఆ కుర్చీలో కూర్చుని, ఆ మైకులోంచి, అవే మాటలు తీగలమ్మ ఎంతమంది తల్లులతో అందో. విసుక్కుంటూ కూడా అంది. ఆమె పిల్ల చెయ్యి వదిలింది. తన చేతుల్ని వెనక్కి లాక్కోవడం ఇంత కష్టమని ఆ తల్లులెవరూ ఆమెకి తిరిగి చెప్పలేదు. జరిగి, మంచం తలాపున గోడకి అతుక్కుని కూర్చుంది. దుప్పటి మీద ఆ చిన్న చెయ్యి ఒక్కటే గెంతుతోంది.

"ఆఁ," అంది స్పీకరు. "ఇప్పుడు కనపడుతోంది."

నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆమెని కూడా పక్కనే ఆగమని సైగ చేసింది తీగలమ్మ. మైకు మీట నొక్కిన వేలు తియ్యాలని ఆ తల్లికి తెలియలేదు. ఆమె ఏడుపు గదంతా వినిపిస్తూనే ఉంది. తీగలమ్మ చేతులు రెండూ ఒళ్లో గట్టిగా బిగించుకుని, పిల్ల వేళ్లు ఒక్కొక్కటే ఆగేదాకా ముట్టుకోకుండా కూర్చుంది.